పాఠం చెప్పేవాళ్ళు, ఊఁ కొట్టేవాళ్ళు

ఇవాన్ ఇల్లిచ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది బడులే వద్దన్న మనిషి. 1971లో వచ్చిన ‘డీస్కూలింగ్ సొసైటీ’ పేరైనా వినకుండా చదువుల గురించి చర్చించేవాళ్ళు తక్కువ. కానీ ఆ మనిషి దాదాపు ఇరవయ్యేళ్ళపాటు స్పానిష్ నేర్పే క్లాసులు నడిపాడన్న సంగతి అంతగా ఎవరూ ప్రస్తావించరు. మొదట న్యూయార్క్, ప్వెర్తోరికో. తర్వాత 1961 నుంచి 1976 దాకా మెక్సికోలోని క్వెర్నవాకా. తొలి ఏళ్ళలో ఆ క్లాసులకొచ్చిన విద్యార్థుల్లో ఎక్కువమంది అమెరికా నుంచి లాటిన్ అమెరికాకి మిషనరీలుగా వెళ్ళబోతున్న కుర్ర ఫాదర్లు, సిస్టర్లు, చర్చి తరఫున స్వచ్ఛందంగా వచ్చిన యువకులు. వాళ్ళ కోసం ఇల్లిచ్ చేసిన ఒక చిన్న ప్రసంగం ‘ది ఎలోక్వెన్స్ ఆఫ్ సైలెన్స్’ పేరుతో 1970 నాటి ‘సెలబ్రేషన్ ఆఫ్ అవేర్‌నెస్’ సంకలనంలో ఉంది. కొన్ని పేజీలే. ఒక భాష నేర్చుకోవడమంటే ఏమిటన్న దాని మీద నేను చదివినవాటిలో అంత అందమైన వ్యాసం ఇంకోటి లేదు. అంత చిరాకు పెట్టిందీ ఇంకోటి లేదు. ఆ రెండూ ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు నేపథ్యం కొంత. ఇల్లిచ్ 1926లో వియన్నాలో పుట్టాడు. రోమ్‌లో 1951లో ప్రీస్ట్ అయ్యి న్యూయార్క్ చేరాడు. అప్పటికి ప్వెర్తోరికో నుంచి వలసలు జోరుగా ఉన్నాయి. ఐరిష్ అమెరికన్ ఫాదర్లు నడిపే చర్చిల్లోకి స్పానిష్ మాట్లాడే పేదలు వచ్చి కూర్చుంటున్నారు. కన్ఫెషన్ చెప్పుకోవడానికి వచ్చినవాడి మాట ఫాదర్‌కి అర్థం కాదు. ఫాదర్ మాట వాడికి అర్థం కాదు. ఇల్లిచ్ తను స్పానిష్ నేర్చుకున్నాడు. 1956లో ప్వెర్తోరికోలోని పోన్సేలో కాథలిక్ విశ్వవిద్యాలయానికి వైస్ రెక్టర్‌గా వెళ్ళి, అక్కడ అమెరికన్ల కోసం ఒక శిక్షణ సంస్థ పెట్టాడు. పగలంతా భాష, ప్వెర్తోరికన్ల కవిత్వం, చరిత్ర, పాటలు, ఊళ్ళు తిరగడం. రాత్రి ఒక గంట అందరూ కలిసి మౌనంగా కూర్చోవడం. ఆ మౌనానికి ముందు చెప్పిన నాలుగు మాటలే ఈ వ్యాసం.

భాష అంటే శబ్దాలే కాదు, నిశ్శబ్దాలు కూడా అంటాడు ఇల్లిచ్. శబ్దాల వ్యాకరణం కష్టపడితే వస్తుంది. నిశ్శబ్దాల వ్యాకరణం అంతకన్నా కష్టం. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఎదుటివాడు ఆగినప్పుడు దాన్ని ఏమని అర్థం చేసుకోవాలి అనేవి ఏ పుస్తకంలోనూ ఉండవు. వినే మనిషి నిశ్శబ్దం ఒకటి. మాట పండేదాకా కాచుకునే నిశ్శబ్దం ఇంకొకటి. మాటలన్నీ అయిపోయాక మిగిలే నిశ్శబ్దం మరొకటి. చనిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకున్న మేరీది. వీటికి ఎదురుగా ఉదాసీనుడి నిశ్శబ్దం ఉంది: నీ దగ్గర్నుంచి నాకు రావలసింది ఏమీ లేదు అనుకునేవాడిది. పరాయి భాషలో తడబడుతూనే చెవి ఒగ్గి వినేవాడు, గడగడా మాట్లాడేవాడి కంటే ప్రేమకు పెద్ద సాక్ష్యం అని ఆయన వాదన.

తెలుగు పాఠకులకు ఇది వెంటనే అర్థమవుతుంది. మనకు ఊఁ కొట్టడం అనే పని ఉంది. కథ చెప్పే అమ్మమ్మ, వినే పిల్ల ఊఁ కొట్టకపోతే ఆగిపోతుంది. నిద్రపోయిందేమో అనుకుంటుంది. ఊఁ అనేది మాట కాదు, మౌనమూ కాదు. నేనిక్కడే ఉన్నాను, నువ్వు చెప్పు అనడం. అలాగే ‘చూద్దాంలే’ అన్నాక వచ్చే మౌనం ఉంది. అది ‘కాదు’ అని తెలియాలంటే తెలుగు వాక్యాలు వస్తే చాలదు, తెలుగు ఇళ్ళలో కొన్నాళ్ళు తిరగాలి. కొత్త భాషలోకి వచ్చినవాడికి మాటలకంటే ముందు ఆ భాషలో ఊఁ కొట్టడం రావాలి అన్నదే, మన మాటల్లో చెప్పుకుంటే, ఇల్లిచ్ పాఠం.

ఈ వ్యాసంలో దీనికన్నా విలువైన మాట ఇంకొకటుంది. పెద్దయ్యాక భాష నేర్చుకోవడమంటే పేదరికాన్నీ, బలహీనతనూ, ఇతరుల దయ మీద ఆధారపడటాన్నీ లోతుగా అనుభవించడమే. అలాంటి అవకాశం పెద్దవాళ్ళకు మళ్ళీ అంత తేలిగ్గా దొరకదు అంటాడాయన. దీన్ని ఆ విద్యార్థుల స్థానంలో ఉండి ఊహించండి. పాతికేళ్ళ కుర్రాడు. సెమినరీలో ఏళ్ళ తరబడి తత్వశాస్త్రం, వేదాంతం చదువుకొచ్చాడు. తన ఊళ్ళో ముసలివాళ్ళు కూడా ఫాదర్ అని లేచి నిలబడతారు. ఇక్కడ మాత్రం పొద్దున్నే ఒక చిన్న గదిలో కూర్చుని, టీచర్ చెప్పిన వాక్యాన్ని నోట్లో మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటున్నాడు. నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, మేం మాట్లాడతాం. ఒక్క పదం మార్చి మళ్ళీ అదే వాక్యం. నోరు తిరగదు. క్రియ చివర తప్పు పడుతుంది. వీధిలోకెళ్తే నాలుగేళ్ళ పిల్ల తనకంటే బాగా మాట్లాడుతోంది. తెలివైనవాణ్ణని తనకు తెలుసు, కానీ అది చూపించుకునే మాటలు లేవు. జోకు వేయలేడు, వాదించలేడు. దేవుడి గురించి చెప్పడానికి వచ్చినవాడు మంచినీళ్ళు అడగడానికి చేతులు తిప్పుతున్నాడు.

మిషనరీ జీవితంలో ఎదుటి మనిషి పైన, తను కింద ఉండేది ఈ కొన్ని నెలలే. ఆ తర్వాత భాష వస్తుంది. భాషతోపాటు పులిపీఠం, గొంతు, అధికారం తిరిగొస్తాయి. ఇల్లిచ్ ఈ దశను శిక్షణలో తప్పనిసరి ఇబ్బందిగా చూడలేదు. శిక్షణ మొత్తానికి అసలు సారం అదే అనుకున్నాడు. నాకు ఈ వ్యాసం నచ్చింది ఇక్కడే.

చిరాకు పుట్టేది కూడా ఇక్కడి నుంచే. నిశ్శబ్దం గురించి ఇన్ని మాటలు చెప్పినాయన, ఊళ్ళో మనిషి ఎందుకు నిశ్శబ్దంగా ఉంటాడో అడగడు. వినేవాడి మౌనాన్ని స్త్రీ సహజమైన నిష్క్రియతతో పోలుస్తాడు. మేరీ మౌనాన్ని ఆదర్శంగా చూపిస్తాడు. స్త్రీల మౌనం, పేదల మౌనం ఆయన చేతిలో ధ్యానవస్తువులు. కానీ ప్రీస్ట్ ముందు, దొర ముందు, పోలీసు ముందు పేదవాడు మౌనంగా ఉండటానికి కారణం లోతైన ఆధ్యాత్మికత కానక్కర్లేదు. నోరు తెరిస్తే ఏమవుతుందో తెలిసిన జాగ్రత్త కావచ్చు. మన దళిత సాహిత్యం చదివినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. తలొంచుకుని నిలబడ్డ తాత మౌనాన్ని పట్టుకుని ఎంత అందమైన నిశ్శబ్దం అని ఎవరైనా వర్ణిస్తే మనవడికి ఒళ్ళు మండుతుంది.

నిశ్శబ్దం దాకా ఎందుకు, సర్వనామాల దగ్గరే ఇదంతా కనిపిస్తుంది. స్పానిష్‌లో మన నువ్వు, మీరు లాంటివి ఉన్నాయి: తూ, ఉస్తెద్. గ్వాటెమాలా వంటి చోట్ల నువ్వుకి వోస్ అని ఇంకో మాట కూడా ఉంది. స్నేహితులు ఒకరినొకరు వోస్ అనుకుంటారు. ఆదివాసీ ముసలాయన్ని స్పానిష్ మాట్లాడే కుర్ర వ్యాపారి కూడా వోస్ అనే సందర్భాలున్నాయి. ఆ ముసలాయన మాత్రం అతన్ని ఉస్తెద్ అనే అనాలి. ఒకే మాట, ఒకచోట చనువు, ఒకచోట తొక్కడం. ఊళ్ళో ఎవరు ఎవర్ని ‘ఏరా’ అంటారో, ఎవరు ‘అయ్యా’ అంటారో తెలిసిన మనకు దీని బరువు విడమర్చి చెప్పాలా? భాష నేర్చుకునే మిషనరీ ఏ నిశ్శబ్దానికైనా ముందు ఈ లెక్క తెలుసుకోవాలి.

విచిత్రమేమిటంటే, ‘ది ఎలోక్వెన్స్ ఆఫ్ సైలెన్స్’లో వదిలేసిన దాన్ని ఇల్లిచ్ ఇంకోచోట, ఇంకో పని మీద, చాలా మామూలు మాటల్లో చెప్పాడు. ‘డీస్కూలింగ్ సొసైటీ’లో ఒక పేరా ఉంది. 1956లో న్యూయార్క్ ఆర్చ్‌డయొసీస్‌కు చెందిన కొన్ని వందలమంది టీచర్లకు, సోషల్ వర్కర్లకు, మతబోధకులకు తొందరగా స్పానిష్ నేర్పాల్సి వచ్చింది. ఆయన మిత్రుడొకరు స్పానిష్ రేడియోలో ప్రకటన ఇచ్చాడు: హార్లెమ్‌లో స్పానిష్ పుట్టుభాషగా మాట్లాడేవాళ్ళు కావాలి. మర్నాడు ఆఫీసు ముందు రెండొందలమంది దాకా టీనేజీ పిల్లలు వరసకట్టారు. వాళ్ళలోంచి నలభై ఎనిమిది మందిని ఎంచుకున్నారు. చాలామంది బడి మానేసినవాళ్ళే. అమెరికా విదేశాంగశాఖ తన ఉద్యోగులకు భాష నేర్పడానికి తయారుచేసిన స్పానిష్ మాన్యువల్, భాషాశాస్త్రం చదివినవాళ్ళ కోసం రాసింది, ఆ పిల్లల చేతికిచ్చి ఎలా వాడాలో చూపించారు. వారం తిరిగేసరికి ఒక్కొక్కరు నలుగురేసి పెద్దవాళ్ళకు పాఠం చెప్పేస్తున్నారు. ఆరు నెలల్లో పని పూర్తయింది. 127 పారిష్‌లలో కనీసం ముగ్గురేసి సిబ్బంది స్పానిష్‌లో మాట్లాడగలరని కార్డినల్ స్పెల్‌మన్ చెప్పుకోగలిగాడు.

బడి లేకుండా నైపుణ్యం నేర్పొచ్చు అని చెప్పడానికి ఇల్లిచ్ ఈ ఉదాహరణ వాడాడు. నాకు మాత్రం ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. గురువు కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూడండి. బడి వద్దని బయటికొచ్చిన ప్వెర్తోరికన్ పిల్లాడు ఫాదర్ ఉచ్చారణ సరిదిద్దుతున్నాడు. ‘మళ్ళీ అనండి’ అంటున్నాడు. ఆదివారం ఆ పిల్లాడి తల్లి ఏ ఫాదర్ ముందు మోకరిల్లుతుందో, ఆ ఫాదర్ సోమవారం ఆ పిల్లాడి ముందు తప్పులు చదువుతున్నాడు. ఆ గదిలో మౌనంగా వినాల్సినవాడు ఫాదర్. మాట్లాడాల్సినవాడు పేదవాడు. నిశ్శబ్దం మీద వ్యాసమంతా చేయలేని పని ఈ పేరా చేసింది. వినడమనే గుణాన్ని ఉపదేశంగా వదిలేయకుండా కుర్చీలు మార్చింది.

ఈ కుర్చీ ప్రశ్న మన దగ్గర కూడా అడగాల్సిందే. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్నారు. సువార్తల అనువాదంలో వాళ్ళకు సాయపడింది ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. కంపెనీ కాలంలో దొరలకు తెలుగు నేర్పిన మున్షీలు, పండితులు ఎక్కువగా పై కులాలవాళ్ళే. కానీ తర్వాత తెలుగునాట పెద్దసంఖ్యలో క్రైస్తవులైంది మాలలు, మాదిగలు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లిలో జాన్ క్లౌ మిషన్ ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వాక్యం వినేది ఒక వాడ, ఆ వాక్యానికి తెలుగు నేర్పింది ఇంకో వీధి. మాదిగవాడలో పిల్లాడు దొరకు తెలుగు పాఠం చెప్పి, ‘అట్ట కాదు దొరా, ఇట్ట అనాల’ అని దిద్ది ఉంటే బైబిల్ తెలుగు ఎలా ఉండేది? ఊహే. కానీ మిషనరీల భాషాసేవ గురించి మనం రాసే వ్యాసాల్లో నిఘంటువుల లెక్క, వ్యాకరణాల లెక్క ఉంటాయి. పాఠం ఎవరు చెప్పారన్న లెక్క మాత్రం ఒక్క వాక్యంలో దాటిపోతుంది.

మళ్ళీ క్వెర్నవాకాకి వద్దాం. 1961లో వాటికన్ తరఫున అమెరికాలోని మఠాలకు ఒక పిలుపొచ్చింది: పదేళ్ళలో మీ సిబ్బందిలో పదోవంతును లాటిన్ అమెరికాకి పంపండి. అలా బయల్దేరేవాళ్ళకు స్పానిష్ నేర్పడానికే ఇల్లిచ్ కేంద్రం మొదలైంది. కానీ ఈ పిలుపే తప్పు అన్నది ఆయన నమ్మకం. డాలర్లతో, అమెరికన్ అలవాట్లతో వచ్చే ఈ ఫాదర్లు స్థానిక చర్చిని పరాధీనం చేస్తారని 1967 జనవరిలో ‘అమెరికా’ పత్రికలో బాహాటంగానే రాశాడు. మరుసటి ఏడు ఏప్రిల్ 20న క్వెర్నవాకాలోనే, వేసవి సెలవుల్లో మెక్సికో పల్లెల్లో సేవ చేయడానికి సిద్ధమైన అమెరికన్ కాలేజీ విద్యార్థుల ముందు నిలబడి, మీ మంచి ఉద్దేశాలు మట్టిగొట్టుకుపోనీ అన్నాడు. మీరు చెవిటివాళ్ళలా, మూగవాళ్ళలా ఆ ఊళ్ళలో దిగుతున్నారు, మీ గురించి వాళ్ళేమనుకుంటున్నారో కూడా మీకు తెలియదు అన్నాడు. చూడటానికి రండి, కొండలెక్కడానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావొద్దన్నాడు.

ఇందులో మోసం ఉందా? ఫీజు తీసుకుని స్పానిష్ నేర్పుతూ, మీరసలు వెళ్ళొద్దు అనడం? అప్పట్లో కొందరు బిషప్పులకు అలాగే అనిపించింది. 1968లో రోమ్ ఆయన్ని పిలిపించి ప్రశ్నించింది. మరుసటి ఏడాది మొదట్లో ఫాదర్లు, సిస్టర్లు ఆ కేంద్రానికి వెళ్ళకూడదని కొంతకాలం నిషేధం కూడా పెట్టింది. నాకైతే మోసం కనిపించదు. నేర్చుకునే పేదరికాన్ని నిజంగా అనుభవించినవాడికి, తను వెళ్తున్న పని మీద తనకే అనుమానం రావాలి. రాకపోతే వాడు భాష నేర్చుకోలేదు, లౌడ్‌స్పీకర్ కొనుక్కున్నాడు. కానీ 1968 నాటి ఇల్లిచ్‌లో ఒక తొందర ఉంది. చెవిటివాడిగా దిగినవాడు ఎప్పటికీ చెవిటివాడిగానే ఉంటాడన్నట్టు మాట్లాడతాడు. పదేళ్ళ ముందు మౌనంగా కూర్చోబెట్టి నేర్పిన మనిషి, నేర్చుకోవడం సాధ్యమేనన్న సంగతి పక్కన పెట్టేశాడు.

దీనికి జవాబులా అదే 1968లో ఇంకొకాయన గ్వాటెమాలా వెళ్ళాడు. స్టాన్లీ రాథర్, ఓక్లహోమాలోని ఓకార్చీ అనే ఊళ్ళో రైతు కొడుకు. లాటిన్ రాక మొదటి సెమినరీ నుంచి ఇంటికి పంపించేస్తే, ఇంకో సెమినరీలో చేరి 1963లో ఫాదర్ అయ్యాడు. భాషలు రాని మొద్దు అని ముద్ర పడ్డ మనిషి. అతిత్లాన్ సరస్సు ఒడ్డున సాంతియాగో అతిత్లాన్‌లో దిగి స్పానిష్ నేర్చుకున్నాడు. అప్పుడు తెలిసింది, స్పానిష్ ఆ ఊరి భాష కాదని. అక్కడివాళ్ళు త్సుతుహిల్ మాయన్లు. వాళ్ళకు స్పానిష్ ఆఫీసు భాష, సైన్యం భాష, భూస్వామి భాష. మన ఆదిలాబాద్ గోండు పిల్లకు బడిలో తెలుగు ఎలాంటిదో ఇంచుమించు అలాంటిది. పేదల భాష నేర్చుకున్నాననుకున్న మిషనరీ నిజానికి పేదల పైనున్నవాళ్ళ భాష నేర్చుకున్నాడు.

రాథర్ మళ్ళీ మొదటి బెంచీ మీద కూర్చున్నాడు. త్సుతుహిల్ నేర్చుకున్నాడు. ఆ భాషలోనే పూజ చెప్పాడు. ఆ మిషన్‌లో కొత్త నిబంధన త్సుతుహిల్‌లోకి వచ్చింది. లాటిన్ దగ్గర ఓడిపోయినవాడికి ఇది ఎలా సాధ్యమైంది? నా ఊహ ఒకటే. లాటిన్‌లో ఆయనకు మాట్లాడే మనిషి లేడు. ఇక్కడ పొలంలో పక్కన పనిచేసే మనిషి ఉన్నాడు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని తమ భాషలో ఇంకో పేరు పెట్టి పిలుచుకున్నారు. నేర్చుకున్నవాడికి నేర్పినవాళ్ళు పేరు పెట్టడం కంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది!

ఈ కథను కూడా ముత్యంలా మెరిపించి వదిలేయకూడదు. అంతర్యుద్ధంలో ఊరి కాటెకిస్టులను ఎత్తుకెళ్ళారు, చంపారు. రాథర్ పేరు చంపాల్సినవాళ్ళ జాబితాలో ఉందని తెలిసి 1981 జనవరిలో ఓక్లహోమా వెళ్ళిపోయాడు. ఆ వసంతంలో ఈస్టర్ పండగకు తిరిగొచ్చాడు. జూలై 28న ఆయన ఉంటున్న ఇంట్లోనే కాల్చి చంపారు. ఊరివాళ్ళు అడిగి ఆయన గుండెను తమ చర్చిలోనే ఉంచుకున్నారు. 2017లో చర్చి ఆయన్ని బ్లెస్డ్‌గా ప్రకటించింది. వెళ్ళడానికి ఆయనకు ఓక్లహోమా ఉంది. ఆయనకు భాష నేర్పినవాళ్ళకు లేదు. ఆయన తిరిగి రావడం గొప్పదే. కానీ తిరిగి రావాలా వద్దా అని ఆలోచించుకునే వీలు ఒక హోదా. ఇల్లిచ్ కోపం ఆ హోదా మీదే. రాథర్ ఆ కోపాన్ని తప్పు అని నిరూపించలేదు. ఆ హోదా ఉన్నవాడు దానితో ఏం చేయొచ్చో చూపించాడు, అంతే.

అందుకే ‘ది ఎలోక్వెన్స్ ఆఫ్ సైలెన్స్’ని ఒంటరిగా చదవకండి అంటాను. ఒంటరిగా చదివితే అది నాజూకైన ధ్యానంలా ఉంటుంది, చదివి కళ్ళు మూసుకోవచ్చు. హార్లెమ్ పిల్లల పేరా పక్కన పెట్టి చదివితే ప్రశ్న అవుతుంది. 1968 ప్రసంగం పక్కన పెట్టి చదివితే తగాదా అవుతుంది. ఇల్లిచ్‌లో నాకు నచ్చేది ఆ తగాదా.

ఇది మిషనరీల గొడవే కదా, మనకెందుకు అని అనిపించొచ్చు. కానీ మనలో చాలామందిమి ఏదో ఒక పల్లెకో, గూడేనికో, బస్తీకో ఫెలోషిప్ మీద, సర్వే మీద, పరిశోధన మీద, కథావస్తువు కోసం వెళ్తున్నవాళ్ళమే. సువార్త చేతిలో లేకపోవచ్చు, ట్యాబ్ ఉంటుంది. ఫోన్‌లో డ్యువోలింగో స్పానిష్ నేర్పుతుంది, తప్పు చేస్తే ఎవరూ నవ్వరు, ఎవరి దయ మీదా ఆధారపడక్కర్లేదు. ఇల్లిచ్ చెప్పిన పేదరికాన్ని మాత్రం అందులోంచి శుభ్రంగా తీసేశారు. గోండీయో, కోయో నేర్చుకోవాలనుకునేవాడికి ఇంకా ఆ సౌకర్యం అంతగా రాలేదు. ఎవరి గుమ్మం ముందో కూర్చుని, ఎవరో పిల్ల నవ్వుతుంటే మళ్ళీ అనాలి. ఆ పిల్ల సమయానికి జీతం ఎంత, పుస్తకం మీద ఆ పిల్ల పేరు ఎక్కడ అన్న ప్రశ్నలు దాని తర్వాత వస్తాయి. వాటికి ఇల్లిచ్ దగ్గర జవాబు లేదు. నిశ్శబ్దంగా ఉండి దాటేసే ప్రశ్నలు మాత్రం కావు అవి.